గుమ్మడికాయ కాఫీ, రెండో డికాషన్

మా జగ్గయ్యపేటలో ఎవరి ముందైనా "గుమ్మడికాయ కాఫీ" అని చూడండి. ముందు నవ్వుతారు. తర్వాత "నిజంగానే ఉందా?" అంటారు. ఆ తర్వాత "ఎంతేంటి?" అంటారు. ధర చెప్పాక ఇక నవ్వరు. డబ్బు ఎక్కువైనవాళ్ళ వేషాలని ఒక్క ముక్కలో తేల్చేసి వేరే మాటల్లోకి వెళ్ళిపోతారు.

నేను ఆ కాఫీ తాగాను. తాగాక దాని రుచి మీద నాకొక అభిప్రాయం ఏర్పడింది, దాని ధర మీద ఇంకొకటి. మొదటిది వింటే కాఫీ షాపువాళ్ళకి నచ్చదు. రెండోది విని మా ఇంట్లోవాళ్ళకి నచ్చలేదు. రెండూ చెబుతాను.

ముందు ఆ పానీయం సంగతి. దాని అసలు పేరు పంప్‌కిన్ స్పైస్ లాటే. స్టార్‌బక్స్ కంపెనీ 2003లో అమెరికాలో మొదలుపెట్టింది. అక్కడ నవంబరు నెల నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండగ. ఆ రోజు ఇంటింటా గుమ్మడికాయతో "పై" అనే తీపి చేస్తారు. పైన మూత లేని పెద్ద కజ్జికాయలో గుమ్మడి పూర్ణం పెట్టారనుకోండి, అలా ఉంటుంది. అందులో వేసే దాల్చినచెక్క, జాజికాయ, లవంగం, అల్లం వాసనే వాళ్ళకి ఆ పండగ వాసన. ఆ వాసనని కాఫీలోకి దించి, ఏడాది పొడుగునా కాకుండా కొన్ని వారాలు మాత్రమే అమ్మారు. జనం ఎదురుచూడటం అలవాటు చేసుకున్నారు. ఇప్పుడు ఆ కాఫీ వచ్చిందంటేనే అక్కడ చాలామందికి ఋతువు మారినట్టు లెక్క. తమాషా ఏమిటంటే, మొదటి పన్నెండేళ్ళు అందులో గుమ్మడికాయే లేదు. మసాలా వాసన, తీపి పాకం, అంతే. 2015లో గానీ గుమ్మడి గుజ్జు చేర్చలేదు. నేతిబీరకాయలో నెయ్యి సామెత మనకొక్కళ్ళకే సొంతమనుకుంటాం!

డాలస్‌లో ఉండే మా పిన్ని కూతురు ప్రతి ఏడూ ఈ రోజుల్లో ఫోటోలు పంపిస్తుంది. గుమ్మం ముందు వరసగా గుమ్మడికాయలు, చేతిలో ఆ కాఫీ కప్పు, కింద "ఫాల్ వచ్చిందక్కా" అని ఒక ముక్క. పిల్లల హాలోవీన్ సరదా అయిపోయాక, చెక్కకుండా మిగిలిన కాయలతో దప్పళం పెట్టుకుంటుందట. ఆ మాట విన్నప్పుడు మాత్రం మా పిల్లే అనిపించింది.

నేను బీఏలో తెలుగు చదువుకున్నాను. దానితో ఉద్యోగం రాలేదు గానీ ఒక అలవాటు వచ్చింది. ఏ ఋతువు పేరు వినపడినా మాసాలు లెక్కపెట్టుకుంటాను. ఇంగ్లీషువాళ్ళ ఆటమ్‌ని మనవాళ్ళు ఒకసారి శరత్తు అంటారు, ఒకసారి ఆకురాలే కాలం అంటారు. ఆ రెండూ మనకి ఒకటి కావు. శరత్తంటే ఆశ్వయుజ కార్తీకాలు. మనకి ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. దసరా రోజుల్లో చిల్లకల్లు నుంచి నందిగామ దాకా హైవే మీద వస్తూ రెండు పక్కలా చూడండి. పత్తి మొదటి తీతకి వస్తూ ఉంటుంది. మిరప తోటలు పచ్చగా పైకి లేస్తూ ఉంటాయి. వానలు వెనకబట్టి ఆకాశం కడిగిన కంచంలా ఉంటుంది. ఎక్కడా ఒక్క ఆకు రాలదు. మహాభారతం తెలుగు చేస్తూ నన్నయగారి గంటం అరణ్యపర్వంలో శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గరే ఆగిపోయిందని చెబుతారు. మన శరత్తంటే ఆ వెన్నెల. ఆకులు రాలే దిగులు దానికి అంటగట్టకూడదు.

గుమ్మడికాయ కూడా మనకి శరత్తు సరుకు కాదు. ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీద గుమ్మడి పూలు పెడతాం. సంక్రాంతికి గుమ్మడికాయ దానం ఇస్తాం. పెద్ద కాయల్ని చుట్టకుదురు మీద పెట్టి నెలల తరబడి దాచుకుంటాం. అంత మనదనుకున్న ఈ తీపి గుమ్మడి నిజానికి అమెరికా ఖండాల పంట. కొలంబస్ తర్వాత ఓడలెక్కి ఇటు వచ్చింది. దిష్టికి కట్టే బూడిద గుమ్మడి మాత్రం ఆసియాదే. అటు ఆ కాఫీలో పడే మసాలాలు చూడండి. అసలు దాల్చినచెక్క శ్రీలంకది. జాజికాయ, లవంగం ఇండొనేసియా దీవులవి. అల్లం మన వైపుదే. వాళ్ళ కాయని మనం పులుసులో వేసుకుని మన పండగకి ముడిపెట్టుకున్నాం. మన వైపు దినుసుల్ని వాళ్ళు కాఫీలో వేసుకుని వాళ్ళ పండగకి ముడిపెట్టుకున్నారు. ఇందులో ఎవరూ ఎవర్నీ చూసి నవ్వడానికి ఏమీ లేదు.

ఇక తాగిన సంగతి. అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగంలో చేరి ఏడాది అయింది. దసరాకి ముందు దాని దగ్గర నాలుగు రోజులు ఉండి వచ్చాను. ఒక సాయంత్రం, "అమ్మా, నీకొకటి తాగిస్తాను, ధర మాత్రం చూడకు" అంటూ ఆఫీసు దగ్గర కాఫీ షాపుకి తీసుకెళ్ళింది. ధర చూడొద్దని అమ్మతో అంటే అమ్మ ముందు చూసేది అదే. గోడ మీద రాసి ఉంది, 350 రూపాయలు.

కౌంటరులో కుర్రాడు, "పేరు చెప్పండి మేడమ్" అన్నాడు. అమ్మాయి తన పేరు చెబుతుందనుకున్నాను. నా పేరు చెప్పింది. అతను కప్పు మీద రాసుకున్నాడు. కాసేపటికి అంతమందిలోనూ గట్టిగా నా పేరు పిలిచాడు. నేను వెంటనే లేవలేదు. "నిన్నేనమ్మా" అంటూ అమ్మాయి భుజం తట్టింది. మా పేటలో నేను ఫలానా వారి కోడల్ని, ఫలానా అమ్మాయి వాళ్ళమ్మని, వీధిలో పిల్లలకి ఆంటీని. నందిగామలో పుట్టింటికి వెళితే పెద్దమ్మాయిని. నా పేరు పెట్టి నన్ను పిలిచేది బ్యాంకులో, ఆధార్ కేంద్రంలో. అక్కడ కూడా వేలిముద్ర కోసం పిలుస్తారు. కాఫీ చల్లారిపోతుంది, వచ్చి తీసుకో అని పిలవడం వేరు.

రుచి చెబుతాను. మొదటి గుక్క తీపి. మామూలు తీపి కాదు, పరమాన్నం గిన్నె అడుగున మిగిలే తీపి. దాని వెనక దాల్చినచెక్క ఘాటు. ఆ తర్వాత జాజికాయ. జాజికాయ వాసన తగలగానే ఎదురుగా కూర్చున్న ఇరవై మూడేళ్ళ పిల్ల నాకు ఉగ్గుగిన్నె నాటి పిల్లలా కనిపించింది. నిద్రపోకుండా ఏడుస్తుంటే అత్తయ్య సానమీద జాజికాయ రెండు చుట్లు అరగదీసి నాలిక్కి రాసేవారు. ఆ సంగతి చెబితే, "నాకు ఇష్టం ఎందుకో ఇప్పుడు తెలిసింది" అని నవ్వింది. గుమ్మడికాయ జాడ మాత్రం నాకు తగల్లేదు. అసలు కాఫీ జాడే సగం కప్పు అయ్యాక గానీ తగల్లేదు. కాఫీ అంటే చేదు ముందు పలకరించాలి, తీపి వెనక రావాలి. ఇందులో చేదు ఎక్కడో వెనక బెంచీలో కూర్చుంది. కాబట్టి రుచికి నేను వేసే మార్కులు నూటికి నలభై. ఫస్ట్‌క్లాసు రాదు.

అయినా ఆ కప్పు ఆఖరి గుక్క దాకా తాగాను. గంట సేపు కూర్చున్నాం. ఆ గంటలో నేను కుక్కర్ కూతలు లెక్కపెట్టలేదు. పాలు పొంగుతాయేమోనని చెవి అటు వేసి ఉంచలేదు. "చక్కెర సరిపోయిందా?" అని ఎవరినీ అడగలేదు. వేడి కాఫీని వేడిగా ఉండగానే, మధ్యలో ఒక్కసారి కూడా లేవకుండా తాగాను. పెళ్ళయి ఇరవై అయిదేళ్ళయింది. ఇలా ఇంతకుముందు ఎప్పుడు తాగానో ఆలోచిస్తే నాకు తట్టలేదు.

కాఫీ పెట్టే ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఫిల్టర్లో మొదటి డికాషన్, రెండో డికాషన్ అని రెండుంటాయి. కొత్త పొడిలోంచి మొదటిసారి చిక్కగా దిగేది మొదటిది. అది మామగారికి, ఆయనకి, వచ్చిన చుట్టానికి. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోస్తే పల్చగా దిగేది రెండోది. అది పెట్టినావిడకి. ఈ రూలు ఎవరూ ఎక్కడా రాయలేదు. ఎవరూ ఎవర్నీ కట్టడి చేయలేదు. అయినా తరాలుగా నడుస్తోంది.

నందిగామలో మా అమ్మకి డెబ్బై దాటాయి. ఆవిడ కాఫీ ఎప్పుడు తాగుతుందో నాకు బాగా తెలుసు. నాన్నగారికి, మాకు, పాలవాడి లెక్కకి, పొలం నుంచి వచ్చిన మనిషికి అన్నీ అయ్యాక తొమ్మిదింటికి వంటింటి గుమ్మంలో నిలబడి స్టీలు గ్లాసులో తాగేది. అప్పటికి అది గోరువెచ్చగా కూడా ఉండేది కాదు. "నాకు చల్లగానే ఇష్టం" అనేది. చిన్నప్పుడు నేను నిజమేననుకున్నాను. ఆ షాపులో వేడి కప్పు పట్టుకుని కూర్చున్నప్పుడు నాకు ఆ గ్లాసే గుర్తొచ్చింది. చల్లటి కాఫీ ఎవరికైనా ఇష్టముంటుందా అండీ? ఉంటే ఐసు వేసుకుని తాగుతారు, చల్లారబెట్టుకుని తాగరు.

బయట తాగుదామన్నా మనకి చోటేది? నందిగామ బస్టాండు ఎదురుగా టీ బడ్డీల దగ్గర పొద్దున ఆరింటి నుంచి మనుషులే. పేపరు చదువుతూ, పత్తి ధర, మిర్చి ధర మాట్లాడుకుంటూ, గాజుగ్లాసు అరచేతుల్లో తిప్పుకుంటూ అరగంటేసి నిలబడతారు. వాళ్ళల్లో ఆడమనిషి ఎంతమంది ఉంటారు? మనం బస్టాండు లోపల బెంచీ మీద సంచులు కాపలా కాస్తూ కూర్చుంటాం. ఆయన వెళ్ళి కాగితం కప్పులో తెచ్చిస్తే తాగుతాం, బస్సు వచ్చేస్తుందేమోనని గబగబా. పది రూపాయల టీకి మగవాళ్ళకి అరగంట చోటు ఉచితంగా దొరుకుతుంది. అదే అరగంట ఆడవాళ్ళకి ఏసీ గదిలో, కుర్చీ వేసి, 350 రూపాయలకి అమ్ముతున్నారు. కాఫీ షాపు ధర ఎక్కువని అనే ముందు ఈ తేడా కూడా లెక్కలో వేసుకోవాలని నా వాదన.

ఈ వాదన ఇంటికొచ్చి చెప్పాను. మావారు లెక్కల మనిషి. "ఆ 350తో ఇంట్లో పదిహేను రోజుల కాఫీ పొడి వస్తుంది" అన్నారు. లెక్క తప్పు లేదు. పొడి వస్తుంది, పాలకి కొంత వేసుకోవాలి, గ్యాసుకి కొంత వేసుకోవాలి. అయినా మనిషికి రోజుకి పాతిక ముప్పై రూపాయలు దాటదు. "మరి పెట్టేదానికి ఎంత వేశారు?" అన్నాను. ఆయన పేపరు మడిచారు. "ఇంట్లో మనుషులకి కూడా లెక్క కడతారా?" అన్నారు. "కట్టమనడం లేదండీ. మీరు కట్టిన లెక్కలో ఒక అంకె సున్నా ఉంది, అది చూపిస్తున్నాను" అన్నాను. అంతటితో ఆ పూట మాటలు అయిపోయాయి. కోపంగా కాదు. చెప్పడానికి ఇద్దరి దగ్గరా ఇంకేమీ లేక.

దసరాకి అమ్మాయి ఇంటికొచ్చినప్పుడు ఆ కాఫీ ఇంట్లోనే చేసి చూద్దామంది. మా ఇంట్లో నిండు గుమ్మడికాయకి ఆడవాళ్ళు కత్తి పెట్టకూడదు. మొదటి వేటు మగవాళ్ళే వెయ్యాలి. మావారు వచ్చి ఒక్క వేటు వేసి చేతులు కడుక్కుని వెళ్ళారు. గింజలు తియ్యడం, చెక్కు తియ్యడం, ముక్కలు ఉడకబెట్టి గుజ్జు మెదిపి వడకట్టడం మాది. వేళ్ళు పసుపుపచ్చగా అయ్యాయి. చిక్కటి పాలల్లో రెండు చెంచాల గుజ్జు, చిటికెడు శొంఠి పొడి, దాల్చినచెక్క పొడి, గీసీ గీయనంత జాజికాయ వేసి మరిగించి, పొయ్యి కట్టేశాక బెల్లం వేసి, అప్పుడు మొదటి డికాషన్ పోశాం. బెల్లం ముందే వేస్తే పాలు విరిగే ప్రమాదం ఉంది, అది గుర్తుంచుకోండి.

మా అత్తగారు ఒక గుక్క తాగి గ్లాసు కళ్ళ దగ్గర పెట్టుకుని చూశారు. "ఏమ్మా, గుమ్మడి హల్వాలో కాఫీ ఒలికిందా?" అన్నారు. ఇంకో గుక్క తాగి, "దాల్చినచెక్క వేస్తే ఇంతే, కోడికూర వాసనొస్తుంది" అన్నారు. మూడో గుక్కకి మాత్రం ఏమీ అనలేదు. ఆవిడకి షుగరు, అందుకని నేను గ్లాసు తీసేసుకోబోతే "ఉండమ్మా, అడుగున శొంఠి బాగుంది" అంటూ పక్కకి జరుపుకున్నారు. ఆ శొంఠి మాట దగ్గర నాకొక ఆలోచన వచ్చింది. అది చివర్లో చెబుతాను.

ఋతువుకో పానీయం అన్నది అమెరికావాళ్ళు కనిపెట్టింది కాదు. ఉగాది పచ్చడి ఏడాదికి ఒక్క రోజు. శ్రీరామనవమి పానకం ఒక్క రోజు. బెల్లం, మిరియాలు, యాలకులు ఏడాది పొడుగునా ఇంట్లో ఉంటాయి. పానకం రోజూ చేసుకోవచ్చు. చేసుకోం. అలా చేసుకోకపోవడమే దాని రుచిలో సగం. కృష్ణ అవతల మంగళగిరిలో నరసింహస్వామికి పానకమే నైవేద్యం. సగం పుచ్చుకుని సగం మనకే వదిలేస్తాడని భక్తులు నమ్ముతారు. ఇస్తే సగం తిరిగి ఇచ్చేవాడు దేవుడైనా ఒకడున్నాడని మా అమ్మ నవ్వేది. కొన్నాళ్ళే దొరుకుతుంది, తర్వాత దొరకదు అనే కిటుకు మన వంటిళ్ళకి ఎప్పటినుంచో తెలుసు. షాపువాళ్ళు దానికి ఒక పేరు, ఒక తేదీ, ఒక బోర్డు తగిలించారు.

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకి ఏ కాలంలో ఏం పెట్టేవాడో వరసగా చెప్పాడు. వానాకాలానికి ఒక భోజనం, ఎండాకాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి. ఎండాకాలంలో చెరకు రసం, లేత కొబ్బరినీళ్ళు, మజ్జిగ కూడా ఉన్నాయి. డిగ్రీలో ఆ పద్యాలు చదువుతుంటే నోరూరేది. ఇరవై అయిదేళ్ళు వంటింట్లో గడిపాక అవే పద్యాలు చదివితే ఇంకో సందేహం వస్తుంది. జడివానలో పొయ్యి రాజేసింది ఎవరు? ఆ వడియాలు ఎండబెట్టింది ఎవరు? పెట్టినవాడి పుణ్యం మనకి గుర్తుంటుంది. వండినవాళ్ళ పేరు అడగాలని తోచదు. కాఫీ షాపు కప్పు మీద పేరు రాసేటప్పుడు కూడా తాగేవాళ్ళ పేరే రాస్తారు, చేసినవాళ్ళది కాదు. సాయంత్రం దాకా నిలబడి ఉన్న ఆ కుర్రాడి కాళ్ళు కూడా లాగుతూనే ఉంటాయి. నేను అనుభవించిన ఆ గంట అతని పనిలోంచే వచ్చింది. కాకపోతే అతని పనికి జీతం ఉంది, వారానికి ఒక సెలవుంది. అది పని అని ఒప్పుకున్నారు.

ఇంతా చెప్పి ఆ కాఫీ అందరూ తాగండి అని నేను అనడం లేదు. అమెరికాలో అమ్మే మధ్యరకం కప్పులో దాదాపు 50 గ్రాముల చక్కెర ఉంటుంది. ఇంటి చెంచాతో కొలిస్తే పది చెంచాల పైమాటే. ఇంటికొకరికి షుగరున్న రోజుల్లో దాన్ని అలవాటు చేసుకోకూడదు. నెలకి రెండుసార్లు వెళ్ళొస్తే పాల ఖర్చు మీద పడే ఇళ్ళు మా వీధిలోనే చాలా ఉన్నాయి. కాఫీ మీద నిజంగా మోజుంటే మన అరకు కాఫీ ఉంది. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన్యంలో గిరిజన రైతులు పండిస్తారు. అక్కడ కాఫీ పండ్లు ఎర్రబడి కోతకొచ్చేది కూడా కార్తీకం దాటుతుండగా, చలి మొదలయ్యే రోజుల్లోనే. కాఫీకి ఋతువంటూ ఉంటే అదే.

కాబట్టి ఆ షాపు నుంచి మనం తెచ్చుకోవాల్సింది గుమ్మడికాయ కాదు, దాల్చినచెక్క కాదు. మూడు సంగతులు తెచ్చుకోవాలి. ఒకటి, ఫలానా రోజుల్లోనే అన్న నియమం. రెండు, ఎవరికోసం పెడుతున్నారో వాళ్ళని పేరుతో పిలిచి చేతికివ్వడం. మూడు, తాగేమనిషిని తాగడం అయ్యేదాకా ఎవరూ లేపకపోవడం. మూడింటికీ పైసా ఖర్చు లేదు.

మన శరత్తుకి సొంత పానీయం లేదు. చైత్రానికి పచ్చడి, పానకం ఉన్నాయి. ఎండలకి మజ్జిగ ఉంది. ఆశ్వయుజ కార్తీకాలకి అట్లు, ఉసిరికాయలు, వనభోజనాలు ఉన్నాయి గానీ తాగడానికి ఇదీ అని ఒకటి లేదు. అత్తయ్య శొంఠి మాట అన్నప్పుడు నాకు తోచింది ఇదే. కార్తీకంలో తెల్లవారుజామున మా పేట ఆడవాళ్ళు వేదాద్రికి వెళ్ళి కృష్ణలో మునిగి, దీపాలు వదిలి, తడి జడలతో వణుక్కుంటూ ఇంటికొస్తారు. రాగానే ఏం చేస్తారు? కొంగు దోపుకుని ఇంకా నిద్ర లేవనివాళ్ళ కోసం డికాషన్ వేస్తారు. నదిలో మునిగొచ్చిన మనిషి కాఫీ పెడుతుంది, దుప్పట్లోంచి లేచిన మనిషి తాగుతాడు. దీన్ని కొంచెం తిరగెయ్యాలి.

శొంఠి కాఫీకి పెద్ద విద్య అక్కర్లేదు. శొంఠి కొమ్ము దంచిన పొడి అర చెంచా, నాలుగు మిరియాలు, అర చెంచా ధనియాలు, ఒక యాలక్కాయ కచ్చాపచ్చాగా నూరాలి. రెండు గ్లాసుల నీళ్ళల్లో వేసి ఒక గ్లాసున్నర అయ్యేదాకా మరిగించాలి. దింపే ముందు చెంచాడు కాఫీ పొడి వేసి మూత పెట్టాలి. రెండు నిమిషాలయ్యాక వడకట్టి తాటిబెల్లం కలుపుకోవాలి. షుగరున్నవాళ్ళు బెల్లం లేకుండానే తాగచ్చు, ఘాటుకి ఘాటే సరిపోతుంది. పాలు అక్కర్లేదు, కాబట్టి విరుగుతాయనే భయం లేదు. గ్యాసు వెలిగించడం వచ్చిన ఏ మగవాడైనా పది నిమిషాల్లో చెయ్యగలడు.

మా ఇంట్లో ఈ కార్తీకానికి ఇది మొదలుపెడుతున్నాం. మొదటి సోమవారం మావారు, రెండోది అబ్బాయి, మూడోది మళ్ళీ మావారు, నాలుగోది అబ్బాయి. అబ్బాయికి ఇంటర్ పరీక్షలున్నాయట, వాయిదా అడిగాడు. పది నిమిషాల కాఫీకి పరీక్షలు అడ్డమేమిటని వాళ్ళ నానమ్మే తోసిపుచ్చారు. వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండరులో ఆ నాలుగు గడుల్లోనూ ఎవరి పేరు వాళ్ళతోనే రాయించాను. నందిగామలో తమ్ముడికి కూడా ఫోన్ చేసి పై కొలతలన్నీ చెప్పాను. అమ్మని వంటింటి గుమ్మంలో నిలబడనివ్వకుండా కుర్చీలో కూర్చోబెట్టి, మొదటి గ్లాసు ఆవిడ చేతికే ఇవ్వమన్నాను. "చల్లగానే ఇష్టమంటుందిగా అక్కా?" అన్నాడు. వేడిగా ఇచ్చి చూడమన్నాను.